స్కోరు పుస్తకంలో గవాస్కర్ చివరి పద్దు

క్రికెట్ స్కోరు పుస్తకం కూడా మన ఆఫీసు లెడ్జరు వంటిదే. ప్రతి బంతికీ ఒక పద్దు పడాలి. పరుగు రాకపోతే చుక్క, వస్తే అంకె. ఓవరంతా చుక్కలే అయితే వాటిని కలిపి 'ఎం' అక్షరం చేస్తారు, అదే మెయిడిన్. బ్యాట్స్‌మెన్ పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపితే జట్టు మొత్తంతో సరిపోవాలి. సగటు తీయడంలో మాత్రం చిన్న మెలిక ఉంది. ఆడిన ఇన్నింగ్సుతో కాక, అవుటైన సార్లతో భాగించాలి. సునీల్ గవాస్కర్ 125 టెస్టులలో 214 ఇన్నింగ్సు ఆడి, 16 సార్లు నాటౌట్‌గా మిగిలాడు. అతని 10,122 పరుగులను 198తో భాగిస్తే 51.12 వస్తుంది.

ఈ లెక్కలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైన అంకె అతని 34 సెంచరీలలో లేదు. అది చివరి టెస్టులో చేసిన 96.

1987 మార్చి 13న బెంగుళూరులో పాకిస్తాన్‌తో అయిదవ టెస్టు మొదలైంది. మొదటి నాలుగూ డ్రా. అహ్మదాబాదులో జరిగిన నాలుగవ టెస్టులోనే, మార్చి 7న, గవాస్కర్ టెస్టులలో పదివేల పరుగులు చేసిన మొట్టమొదటి ఆటగాడయ్యాడు. బెంగుళూరు పిచ్ మాత్రం బ్యాటింగుకు బొత్తిగా పనికిరానిది. మణీందర్ సింగ్ 27 పరుగులకే 7 వికెట్లు తీయగా పాకిస్తాన్ 116కు కూలింది. మనవాళ్ళు 145 చేశారు. పాకిస్తాన్ రెండవసారి 249 చేసింది. మనకు కావలసినవి 221.

15 పరుగుల వద్దే శ్రీకాంత్, అమర్‌నాథ్ ఇద్దరూ వసీం అక్రంకు దొరికిపోయారు. ఆ పైన ఇక్బాల్ ఖాసిం, తౌసీఫ్ అహ్మద్‌ల స్పిన్. మన హైదరాబాదు అజారుద్దీన్ 26, వెంగ్‌సర్కార్ 19, బిన్నీ 15. మిగిలిన వారెవరూ పదికి చేరలేదు. ఎక్స్‌ట్రాలు 28, అందులో బైలే 22!

ఈ 22 దగ్గర కాస్త ఆగాలి. బంతి బ్యాటును దాటి, వికెట్ కీపరుకూ చిక్కకుండా పోతేనే బై. గ్లవ్స్ తొడుక్కుని, పట్టడమే పనిగా ఉన్నవాడికే అందని బంతులవి. వాటిని గవాస్కర్ అయిదు గంటలకు పైగా ఎదుర్కొన్నాడు. 1975 ప్రపంచ కప్‌లో 60 ఓవర్లూ ఆడి 36 నాటౌట్‌గా నిలిచాడని అతన్ని తిట్టుకున్నవాళ్ళు మనలో లేకపోలేదు. ఆ రోజున చిరాకు తెప్పించిన ఓపికే ఈ రోజున జట్టును నిలబెట్టింది. పెన్షన్ కాగితాల కోసం తిరగేసే సర్వీసు రిజిస్టరులో ఇంక్రిమెంట్లు ఉంటాయి గాని, మార్చి నెలాఖరున రాత్రి పొద్దుపోయేదాకా లెక్కలు సరిచూసిన సంగతి ఎక్కడా ఉండదు. సెంచరీల జాబితాలో ఈ 96 లేకపోవడమూ అటువంటిదే.

ఖాసిం బంతికి స్లిప్‌లో రిజ్వాన్ క్యాచ్ పట్టేటప్పటికి స్కోరు 8 వికెట్లకు 180. ఇంకా 41 కావాలి. బిన్నీ పోరాడినా 204 దగ్గర కథ ముగిసింది. 16 పరుగుల తేడాతో పాకిస్తాన్ మన గడ్డపై తొలిసారి సిరీస్ గెలుచుకుంది.

అదే ఏడాది ఆగస్టులో లార్డ్స్‌లో జరిగిన ఎం.సి.సి. ద్విశతాబ్ది మ్యాచిలో అతను 188 చేశాడు. లార్డ్స్‌లో అతనికి అదే మొదటి సెంచరీ. ఆ మ్యాచికి టెస్టు హోదా లేదు కనుక ఆ పరుగులు 10,122లో కలవలేదు.