వైద్యం మన గుమ్మంలోనే మొదలవ్వాలి



అర్ధరాత్రి ఇంట్లో పెద్దవారెవరో ఉన్నట్టుండి కూలబడిపోయారనుకోండి. మనమేం చేస్తాం? ఒకరు మొహాన నీళ్లు కొడతారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపిస్తారు, ఇంకొకరు బండి కోసం వీధిలోకి పరుగెడతారు. ఆస్పత్రికి చేరిస్తే చాలు, గండం గడిచినట్టేనని మన నమ్మకం. మరి చేరేలోపు మాటేమిటి? ఆ ప్రశ్న వేసుకున్న కొందరి కథ ఈవేళ చెప్పుకుందాం.

అది అమెరికాలోని పిట్స్‌బర్గు నగరం. 1960ల నాటి మాట. అక్కడ రోగిని ఆస్పత్రికి చేర్చేది ఏమిటనుకున్నారు? పోలీసు బండి! ఆ దేశంలో చాలా ఊళ్లలోనైతే శవాలను మోసే బండే వచ్చేది. దారిలో రోగి ఊపిరి చూసే నాథుడే లేడు.

ఆ ఊరి విశ్వవిద్యాలయంలో మత్తు వైద్యశాఖకు పెద్దగా 1961లో డాక్టర్ పీటర్ సఫార్ వచ్చారు. స్పృహ తప్పిన మనిషికి నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డుపడుతుందనీ, తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తితే గాలికి దారి దొరుకుతుందనీ, నోటితో ఊదిన ఊపిరే ప్రాణం నిలుపుతుందనీ 1950ల చివర్లో ప్రయోగాలతో నిరూపించిన మనిషి ఆయన.

అటువంటివారి ఇంటనే 1966లో పిడుగు పడింది. పదకొండేళ్ల కూతురు ఎలిజబెత్ ఉబ్బసంతో ఊపిరాడక పోయింది. గుండె మళ్లీ కొట్టుకునేలా చేశారు గాని, అప్పటికే గాలి అందక మెదడు దెబ్బతింది. కడుపుకోత ఎటువంటిదో మనకు ఒకరు చెప్పాలా? ఆ దుఃఖంలోంచే ఆయన పట్టుదల గట్టిపడింది. రోగి కోసం ఆస్పత్రే కదిలి వెళ్లాలి!

1967లో ఫ్రీడమ్ హౌస్ అనే సంస్థతో చేతులు కలిపారు. హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి పేటలో, ఎందుకూ పనికిరారని లోకం తేల్చేసిన నిరుద్యోగ యువకులను చేరదీసి, సుమారు 300 గంటల శిక్షణ ఇప్పించారు. 1968కల్లా వారి అంబులెన్సులు రోడ్డెక్కాయి. దారిలోనే వైద్యం మొదలైంది.

1970ల మధ్యలో వారికి వైద్యాధికారిణిగా వచ్చినవారు డాక్టర్ నాన్సీ కరోలిన్. వయసు ముప్పయ్యేళ్లు. కుర్చీలో కూర్చుని ఆజ్ఞలివ్వలేదు సుమండీ! తానూ వారితో బండెక్కి, పక్కనుండి నేర్పారు. ఆ అనుభవంతోనే దేశమంతటికీ పనికొచ్చే పాఠ్యక్రమం తయారుచేశారు.

ఇంత చేసినా, 1975లో నగరపాలకులు సొంత సేవ పెట్టుకున్నారు. ఫ్రీడమ్ హౌస్ మూతపడింది. కొత్త సేవలోకి వెళ్లిన నల్లజాతివారిలో చాలామందిని ఎక్కువకాలం నిలవనివ్వలేదు. బాట వేసినవారినే బాట మీంచి నెట్టేశారన్నమాట.

అయినా ఆ బాట మిగిలింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైంది. ఆ బండిలో శిక్షణ పొందిన మనిషి రోగి పక్కన కూర్చుంటున్నాడంటే, ఆనాటి ఆ పేట కుర్రాళ్ల చెమట అందులో కొంత ఉన్నట్టే.

ఇక మన వంతు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. వెంటనే 108కి ఫోను చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే రొమ్ము మధ్య గట్టిగా, వేగంగా, ఆపకుండా నొక్కండి. బండి వచ్చేదాకా వైద్యులం మనమే.