రాతినార క్యాన్సర్లు: తొలి లక్షణాలను గుర్తించిన చరిత్ర

రాతినారను జనం ఆస్బెస్టాస్ అనే పిలుస్తారు. దాని సన్నని పోగులు ఊపిరితో లోపలికి పోయిన మనిషికి ఇరవై, ముప్ఫై, ఒక్కోసారి యాభై ఏళ్ల తర్వాత వచ్చే క్యాన్సర్లలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఊపిరితిత్తుల క్యాన్సర్. రెండోది మీసోథీలియోమా. ఊపిరితిత్తులకు బయట, పొట్టలోని అవయవాల చుట్టూ ఉండే పల్చటి పొరకు ఇది వస్తుంది. స్వరపేటికకు, స్త్రీల అండాశయానికి వచ్చే క్యాన్సర్లకు కూడా రాతినార కారణమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఈ జబ్బుల్లో మొదట కనిపించే దగ్గు, ఆయాసం, ఛాతీలో నీరు చేరడం వంటివి గోదావరి జిల్లాల్లో క్షయతోనో, పొగతాగే అలవాటుతోనో, వయసుతోనో ముడిపడి ఉంటాయి కాబట్టి అసలు కారణం వైపు చూపు ఆలస్యంగా పోతుంది. ఆ ఆలస్యాన్ని తగ్గించేది ఒక్క ప్రశ్న: ముప్ఫై ఏళ్ల కిందట మీరేం పని చేశారు?

డెల్టాకు రేకులు వచ్చిన తీరు

గోదావరి డెల్టా ఒండ్రు నేల, ఇక్కడ రాతినార గనులు లేవు. తెలుగునాట ఆ ఖనిజానికి పేరుపడ్డది కడప జిల్లా పులివెందుల ప్రాంతం. వేంపల్లె సున్నపురాతిలోకి డాలరైట్ చొరబడిన చోట, బ్రాహ్మణపల్లి చుట్టుపక్కల, తెల్ల రాతినార అయిన క్రిసోటైల్ దొరికేది. 1986లో కేంద్ర ప్రభుత్వం కొత్త రాతినార గనులకు లీజులు ఇవ్వడం మానేసింది. 1993లో పాత లీజుల పొడిగింపూ ఆగింది. సరుకు వాడకం మాత్రం ఆగలేదు, విదేశాల నుంచి దిగుమతి అవుతూనే ఉంది.

డెల్టాకు రాతినార వచ్చింది ఇంటి కప్పుగా. సిమెంటులో రాతినార కలిపి పల్చటి పలకలు చేసే పద్ధతిని 1900 ప్రాంతంలో ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాట్‌షెక్ కనిపెట్టాడు. మన దేశంలో 1934లో కైమూర్‌లో పుట్టిన కంపెనీ, 1946లో హైదరాబాద్ సనత్‌నగర్ కేంద్రంగా మొదలైన కంపెనీ ఈ రేకులను ఊరూరికీ చేర్చాయి. ఆ హైదరాబాద్ కంపెనీ చార్మినార్ రేకులంటే తెలియని మేస్త్రీ ఉండడు. తాటాకు ఇళ్లకు వేసవిలో నిప్పంటుకుంటే వీధికి వీధి బూడిదయ్యే ఊళ్లలో, నాలుగేళ్లకోసారి కప్పు మార్చుకోవాల్సిన కుటుంబాలకు, సిమెంటు రేకు నిజంగా పెద్ద ఊరట. పెంకుటింటి కంటే తక్కువలో అయిపోయేది, చెదలు పట్టేది కాదు. పేదవాడు రేకుల ఇల్లు వేసుకోవడం వెనక తెలియనితనం లేదు, అవసరం ఉంది. అనపర్తి, తణుకు వైపు కోళ్ల షెడ్లు, మండపేట, రామచంద్రపురం రైస్ మిల్లులు, బడులు, సినిమా హాళ్లు, భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల గట్ల మీద మేత గోదాములు అన్నిటికీ అదే కప్పు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుడిచిపెట్టిన తుపాను వంటివి వచ్చినప్పుడు రేకులు ముక్కలై ఎగిరిపడతాయి. ఆ ముక్కలు ఎత్తిపోసే పనీ, కొత్తవి వేసే పనీ మళ్లీ కూలీలదే.

సిమెంటు రేకులో రాతినార నూటికి పది పాళ్లకు అటూ ఇటూ ఉంటుంది, తక్కినదాంట్లో ఎక్కువ భాగం సిమెంటే. చెక్కుచెదరని రేకులో పోగు బిగుసుకుని ఉంటుంది కాబట్టి రేకుల ఇంట్లో పడుకున్నంత మాత్రాన క్యాన్సర్ వస్తుందని బెంబేలు పడనక్కర్లేదు. ఎండలకు రేకుల మీద కొబ్బరి మట్టలు పరచినా, ఆనపపాదు పాకించినా హాని లేదు. హాని పొడిలో ఉంది. రేకు పొడవు ఎక్కువైతే నేల మీద వేసి, కాలితో తొక్కిపట్టి, రంపంతోనో కటింగ్ మెషీన్‌తోనో కోస్తారు. హుక్కు బోల్టు దిగడానికి పైకెక్కి బెజ్జం వేస్తారు. బూడిదరంగు పొడి చేతుల మీద, కనురెప్పల మీద, తలకు చుట్టుకున్న తుండుగుడ్డ మీద పడుతుంది. పని దిగాక ఆ తుండునే దులిపి, దాంతోనే మొహం తుడుచుకుని ఇంటికి పోతారు. సున్నం కొట్టే ముందు పాత రేకుల నాచును వైరు బ్రష్షుతో గీకడం, ఇల్లు విప్పేటప్పుడు రేకులను సమ్మెటతో పగలగొట్టడం, ఆ ముక్కలను దంచి వాకిట్లో గుంటలు పూడ్చడం కూడా అంత చెడ్డవే.

డెల్టా వాళ్లు ఒక్క డెల్టాలోనే పని చేయలేదు. విశాఖలో 1941లో పునాది పడిన ఓడల కార్ఖానా, రైల్వే వర్క్‌షాపులు, హైదరాబాద్ ఫ్యాక్టరీలు, గల్ఫ్ దేశాల్లో కట్టడాలు, రిఫైనరీలు గోదావరి జిల్లాల మనుషులకు కూడు పెట్టాయి. ఓడల్లో, బాయిలర్లలో, ఆవిరి గొట్టాల మీద వేడి పోకుండా చుట్టే పట్టీల్లో, బండ్ల బ్రేకుల్లో ప్రపంచమంతటా దశాబ్దాల పాటు వాడింది రాతినారే. అరవై దాటి ఊరికి తిరిగొచ్చిన మనిషి ఆయాసం వెనక ఆ పాత పని ఉండవచ్చు.

వైద్యులు ఎలా కనిపెట్టారు

1899లో లండన్ చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో డాక్టర్ మాంటేగ్ మర్రే 33 ఏళ్ల రాతినార కార్మికుడికి వైద్యం చేశాడు. అతను చనిపోయాక ఊపిరితిత్తుల్లో పోగులు చూశాడు. 1924లో రాచ్‌డేల్ మిల్లు కార్మికురాలు నెల్లీ కెర్షా మరణం గురించి విలియం కుక్ రాశాడు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆ జబ్బుకు ఆస్బెస్టోసిస్ అన్న పేరు అక్కడి నుంచే స్థిరపడింది. 1955లో రిచర్డ్ డాల్ అదే పట్టణపు కార్మికుల లెక్కలు తీసి, రాతినార ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని చూపాడు.

మనకు అన్నిటికంటే దగ్గరగా ఉండే కథ దక్షిణాఫ్రికాది. కింబర్లీ పట్టణంలో డాక్టర్ స్లెగ్స్ క్షయ ఆసుపత్రి చూసేవాడు. ఛాతీ పొర జబ్బుతో, నీరు పట్టి వచ్చిన వాళ్లందరికీ క్షయ మందులే ఇచ్చేవారు. తూర్పు వైపు నుంచి వచ్చిన రోగులు కోలుకున్నారు. పడమటి వైపు, రాతినార కొండల దిక్కు నుంచి వచ్చిన వాళ్లు కోలుకోలేదు. మందు ఒకటే, ఆసుపత్రి ఒకటే, ఫలితమే వేరు. ఆ తేడాను ఆయన కొట్టిపారేయలేదు. క్రిస్టఫర్ వాగ్నర్ కణజాలాన్ని పరీక్షించాడు, ఛాతీ శస్త్రవైద్యుడు మార్చాండ్ కూడా వాళ్లతో కలిశాడు. 1960లో ముగ్గురూ 33 మీసోథీలియోమా కేసులను ప్రకటించారు. అందులో గనిలో ఎన్నడూ పని చేయనివాళ్లు కూడా ఉన్నారు. చిన్నతనంలో గని పక్కన బతకడమే వాళ్లకు జరిగిన సంపర్కం. 1965లో లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ మరో సంగతి తేల్చారు: కార్మికుల బట్టలు ఉతికిన ఇంటి ఆడవాళ్లకూ ఈ జబ్బు వచ్చింది. రేకుల మేస్త్రీ భార్యను కూడా డాక్టరు అదే ప్రశ్న అడగాలనడానికి ఇదే ఆధారం.

1960ల్లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ సెలికాఫ్ ఆవిరి గొట్టాలకు రాతినార చుట్టే కార్మికుల మరణాలను లెక్కగట్టాడు. క్షయకు ఐసోనియాజిడ్ మాత్రను 1950ల మొదట్లో రోగులపై పరీక్షించిన వైద్యుల్లో ఈయనా ఒకడు. పొగ తాగేవాడు రాతినార కూడా పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎంత పెరుగుతుందో ఆయన బృందం 1979లో చూపింది. ఈ రెండూ లేనివాడితో పోలిస్తే, రాతినార ఒక్కటే పీల్చినవాడికి అయిదింతలు, పొగ ఒక్కటే తాగినవాడికి పదకొండింతలు, రెండూ ఉన్నవాడికి యాభై మూడింతలు. చుట్ట, బీడీ అలవాటున్న మేస్త్రీ మొదట మానాల్సింది ఆ అలవాటునే. మీసోథీలియోమాకు పొగతో సంబంధం లేదు, కాబట్టి పొగ తాగనివాడికి ఆ జబ్బు రాదనుకోకూడదు.

తొలి లక్షణాలు

ఛాతీ పొరకు వచ్చే మీసోథీలియోమా ఆయాసంతో మొదలవుతుంది. "మెట్లెక్కితే ఊపిరాడట్లేదండీ" అని వస్తారు. ఎక్స్‌రే తీస్తే ఒక పక్కనే నీరు. దాంతో పాటు ఒక వైపు మొద్దుబారినట్టు ఉండే నొప్పి భుజం దాకా పాకుతుంది. దగ్గినప్పుడు పొడిచే నొప్పి కాదది, రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని బరువు. తర్వాత ఆకలి తగ్గడం, ఒళ్లు చిక్కడం, చెమటలు. పొట్ట పొరకు వచ్చిన రకంలో కడుపు ఉబ్బుతుంది, నీరు చేరుతుంది, మలబద్ధకం మొదలవుతుంది. దాన్ని కాలేయ జబ్బనో, గ్యాస్ అనో అనుకుంటారు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పాత దగ్గు తీరు మారుతుంది. మూడు వారాలు దాటిన దగ్గు, కళ్లెలో నెత్తురు చార, గొంతు బొంగురుపోవడం, ఒకేచోట మళ్లీ మళ్లీ న్యుమోనియా రావడం చూడాల్సిన గుర్తులు. వేళ్ల కొసలు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగడం ఆస్బెస్టోసిస్‌లోనూ, క్యాన్సర్‌లోనూ కనిపిస్తుంది. ఎక్స్‌రేలో ఛాతీ పొర మీద సున్నం పేరుకున్న మచ్చలు మాత్రం క్యాన్సర్ కావు. అవి రాతినార పీల్చిన గుర్తులు. ఆ మచ్చలున్న మనిషిని గమనిస్తూ ఉండాలి.

మన దగ్గర ఛాతీలో ఒక పక్క నీరు కనిపిస్తే మొదటి అనుమానం క్షయ మీదికి పోవడం తప్పు కాదు, చాలాసార్లు అది క్షయే. చిక్కు వచ్చేది మందులు వాడుతున్నా నీరు తగ్గనప్పుడు, తీసిన నీరు వారాల్లోనే మళ్లీ చేరినప్పుడు, రోగి వయసు అరవై దాటినప్పుడు, నొప్పి తగ్గకుండా పెరిగినప్పుడు. ఇలాంటివాళ్లను ఆరు నెలల కోర్సు పూర్తయ్యేదాకా ఆపడం ప్రమాదం. నీటిలో క్యాన్సర్ కణాలు కనబడలేదన్న రిపోర్టు మీసోథీలియోమాను కొట్టివేయదు, ఎందుకంటే ఆ పరీక్ష ఈ జబ్బును తరచూ పట్టుకోలేదు. సీటీ స్కాన్‌లో పొర ఒక సెంటీమీటరు మించి మందం కట్టినా, గడ్డలుగా ఉన్నా, గుండె వైపు పొరకు కూడా పాకినా, ఛాతీలోకి కెమెరా గొట్టం పంపి ముక్క తీయించుకోవాలి. జబ్బును తేల్చేది ఆ ముక్కే. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికో, రాజమహేంద్రవరం, అమలాపురం, ఏలూరు చుట్టుపక్కల మెడికల్ కాలేజీలకో వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు చేతిలో ఉంటే సగం పని తేలికవుతుంది.

మీసోథీలియోమా ఆలస్యంగా దొరికితే నయం కావడం కష్టం. దొరికినప్పుడు ఇచ్చే మందుల్లో సిస్ప్లాటిన్‌తో కలిపి పెమెట్రెక్సెడ్ 2004 నుంచి వాడుకలో ఉంది. 2020లో రెండు ఇమ్యునోథెరపీ మందుల జోడీ అమెరికాలో అనుమతి పొందింది. పెమెట్రెక్సెడ్ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుకట్ట వేసే మందుల కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలో తొలి మందులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను లెడర్లీ ప్రయోగశాలలో 1940ల్లో తయారు చేయించినవాడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

నలభై ఏళ్ల రికార్డు

అహ్మదాబాద్‌కు చెందిన వినియోగదారుల విద్య, పరిశోధన కేంద్రం రాతినార కార్మికుల తరఫున 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1995 జనవరి 27న వచ్చిన తీర్పును రాసినవారు భీమవరం కాలేజీలో బీఏ, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు చెప్పింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నలభై ఏళ్లు, లేదా మానేశాక పదిహేనేళ్లు, వీటిలో ఏది తర్వాత వస్తే అందాకా ఉంచాలని ఆదేశించింది. జబ్బు పడినట్టు తేలినవారికి లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. నలభై ఏళ్లన్నది ఈ జబ్బు ఎంత కాలం దాగి ఉంటుందో చూసి పెట్టిన గడువు, అందుకే ఈ తీర్పు విలువైనది. గేటు, హాజరు పుస్తకం ఉన్న ఫ్యాక్టరీకి అది వర్తిస్తుంది. కోళ్ల షెడ్డు మీద రేకు కోసే దినకూలీకి ఆ పుస్తకమే లేదు.

ఐరోపా సమాఖ్యలో 2005 నుంచి, బ్రెజిల్‌లో 2017 నుంచి, కెనడాలో 2018 నుంచి రాతినార నిషిద్ధం. 2024 మార్చిలో అమెరికా క్రిసోటైల్‌ను కూడా నిషేధించింది. మన దగ్గర క్రిసోటైల్ రేకులు ఇంకా అమ్ముడవుతున్నాయి. కోసే ముందు రేకును తడపడం, మెషీన్ బదులు చేతిరంపం వాడటం, పాత రేకులను పగలగొట్టకుండా విప్పి దించడం, పని బట్టలు ఇంట్లో దులపకుండా విడిగా తడిపి ఉతకడం ఈ రోజే చేయగలిగిన పనులు. మూతికి కట్టుకున్న తుండు ఆ పోగును ఆపలేదు.

రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా చట్టప్రకారం నష్టపరిహారం వర్తించే వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. ఆ హక్కు అడగాలంటే జబ్బుకూ పనికీ ముడి కాగితం మీద కనబడాలి. కాబట్టి రోగి వెంట వెళ్లేవాళ్లు కేసు షీటులో వృత్తి దగ్గర "కూలీ" అని వదిలేయనివ్వకూడదు. ఏ ఊళ్లో, ఏ యజమాని దగ్గర, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, రేకులు కోశాడా, ఓడల్లో పని చేశాడా, బ్రేకులు బిగించాడా అన్నది డాక్టరు చేత రాయించుకుని ఒక కాపీ ఇంట్లో దాచుకోవాలి.