పారుల్ చౌదరి: చివరి 50 మీటర్లు.. మైండ్‌లో డీఎస్పీ పోస్టు! రైతు బిడ్డ ఏషియాడ్ గోల్డ్ ఎలా కొట్టిందంటే..

అక్టోబర్ 3, 2023. చైనాలోని హాంగ్‌జౌ. ఏషియన్ గేమ్స్ మహిళల 5000 మీటర్ల ఫైనల్ ఆఖరి ల్యాప్‌కి వచ్చేసింది. ముందు జపాన్ రన్నర్ రిరికా హిరోనకా. వెనకాలే ఇండియా జెర్సీలో పారుల్ చౌదరి. సిల్వర్ అయితే ఖాయం అనుకున్నారంతా. కట్ చేస్తే.. ఫినిషింగ్ లైన్‌కి కొన్ని మీటర్ల ముందు పారుల్ ఒక్కసారిగా గేర్ మార్చింది. జపాన్ అమ్మాయిని దాటేసి గోల్డ్ ఎగరేసుకుపోయింది.

పారుల్ టైమ్ 15 నిమిషాల 14.75 సెకన్లు. హిరోనకా టైమ్ 15 నిమిషాల 15.34 సెకన్లు. అంటే పన్నెండున్నర రౌండ్లు పరిగెత్తాక ఇద్దరి మధ్య తేడా ఒక్క సెకను కూడా లేదు. ఏషియన్ గేమ్స్ మహిళల 5000 మీటర్లలో ఇండియాకి అదే ఫస్ట్ గోల్డ్.

ఆ చివరి 50 మీటర్లలో ఏం ఆలోచించారని రేసు తర్వాత అడిగితే ఆమె చెప్పిన ఆన్సర్ దేశమంతా వైరల్ అయింది. గోల్డ్ తెస్తే యూపీ పోలీస్‌లో డీఎస్పీ పోస్టు ఇస్తారు కదా, అదే గుర్తొచ్చిందని నవ్వుతూ చెప్పేసింది. వినడానికి సరదాగా ఉన్నా, ఆ మాట వెనక పెద్ద కథే ఉంది.

మీరట్ పల్లె నుంచి ట్రాక్ మీదకి..

పారుల్ 1995 ఏప్రిల్ 15న పుట్టింది. ఊరు ఉత్తరప్రదేశ్ మీరట్ జిల్లాలోని ఇక్లౌతా. నాన్న రైతు. అక్క కూడా రన్నరే. ఇద్దరూ మీరట్‌లోని కైలాశ్ ప్రకాశ్ స్టేడియంలోనే ప్రాక్టీస్ చేశారు. పల్లెటూళ్లో ఆడపిల్లలు షార్ట్స్ వేసుకుని పరిగెడతామంటే ఎన్ని మాటలు పడాలో వేరే చెప్పక్కర్లేదు. అయినా ఇంట్లోవాళ్లు వెనకుండి నడిపించారు.

మీరట్ అంటే చాలామందికి క్రికెట్ బ్యాట్లు తయారయ్యే ఊరుగానే తెలుసు. కానీ పారుల్ గోల్డ్ కొట్టిన రోజే అదే హాంగ్‌జౌలో జావెలిన్ త్రోలో గోల్డ్ గెలిచిన అన్నూ రాణిది కూడా మీరట్ జిల్లానే. ఒకే జిల్లా, ఒకే రోజు, రెండు బంగారు పతకాలు!

స్పోర్ట్స్ కోటాలో పారుల్‌కి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. మన దేశంలో లాంగ్ డిస్టెన్స్ రన్నర్లకి క్రికెటర్లలా కోట్ల కాంట్రాక్టులు ఉండవు. రైల్వే, పోలీస్, ఆర్మీ.. వీటిల్లో ఉద్యోగమే వాళ్లకి అన్నం పెట్టేది. మెడల్ వస్తే ప్రమోషన్, ఇంకాస్త పెద్ద పోస్టు. అందుకే పరుగు మధ్యలో డీఎస్పీ పోస్టు గుర్తురావడం అత్యాశేం కాదు, ఆమె బతుకు లెక్క.

స్టీపుల్‌చేజ్ అంటే ఏంటి?

పారుల్ మెయిన్ ఈవెంట్ నిజానికి 5000 మీటర్లు కాదు.. 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్. ఇది మామూలు పరుగు కాదు. ఏడున్నర ల్యాప్‌ల దూరంలో 28 సార్లు బారియర్లు దాటాలి, ఇంకో 7 సార్లు నీళ్ల గుంట మీదుగా దూకాలి. మహిళల రేసులో బారియర్ ఎత్తు 76.2 సెంటీమీటర్లు. హర్డిల్స్‌లో అయితే కాలు తగిలితే హర్డిల్ పడిపోతుంది. ఇక్కడ బారియర్ బరువైన దుంగ లాంటిది. అది కదలదు, పడేది మనిషే. పైగా తడిసిన షూస్‌తోనే చివరిదాకా పరిగెత్తాలి.

మహిళలకి ఒలింపిక్స్‌లో ఈ ఈవెంట్ మొదలైందే 2008 బీజింగ్‌లో. అయినా ఇండియాకి ఇందులో మంచి హిస్టరీనే ఉంది. 2010 గ్వాంగ్‌జౌ ఏషియాడ్‌లో సుధా సింగ్ గోల్డ్ గెలిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో లలితా బాబర్ ఫైనల్‌కి వెళ్లి పదో స్థానంలో నిలిచింది. ఆ దారిలో వచ్చిన అమ్మాయే పారుల్.

రికార్డుల వేట ఇలా సాగింది

2019 దోహా ఏషియన్ ఛాంపియన్‌షిప్స్‌లో 5000 మీటర్ల బ్రాంజ్‌తో పారుల్ పేరు బయటకొచ్చింది. అసలు టర్నింగ్ పాయింట్ మాత్రం 2022 జులై. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 3000 మీటర్లని 8 నిమిషాల 57.19 సెకన్లలో పూర్తి చేసింది. ఈ దూరాన్ని 9 నిమిషాల లోపు పరిగెత్తిన ఫస్ట్ ఇండియన్ ఉమన్ ఆమే.

ఆ టైమ్‌లో ఆమె ట్రైనింగ్ అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో. సముద్ర మట్టానికి 1,800 మీటర్లకు పైగా ఎత్తులో ఉండే ఊరది. అక్కడ గాలి పలచన, ఆక్సిజన్ తక్కువ అందుతుంది. కొన్ని వారాలు అక్కడే ఉండి పరిగెడితే ఒంట్లో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. తర్వాత కిందకి వచ్చి రేసులో దిగితే కండరాలకి ఆక్సిజన్ బాగా అందుతుంది. లాంగ్ డిస్టెన్స్ రన్నర్లు కొండ ప్రాంతాలకి వెళ్లేది ఇందుకే.

2023 మేలో మళ్లీ లాస్ ఏంజెలెస్‌లోనే 5000 మీటర్లలో 15 నిమిషాల 10.35 సెకన్లతో కొత్త నేషనల్ రికార్డ్. ప్రీజా శ్రీధరన్ పేరు మీద 2010 నుంచి ఉన్న రికార్డు అలా చెరిగిపోయింది. జులైలో బ్యాంకాక్ ఏషియన్ ఛాంపియన్‌షిప్స్‌లో స్టీపుల్‌చేజ్ గోల్డ్, 5000 మీటర్ల సిల్వర్. ఆగస్టులో బుడాపెస్ట్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ ఫైనల్లో 9 నిమిషాల 15.31 సెకన్లు. ప్లేస్ 11వదే అయినా లలితా బాబర్ రికార్డు బద్దలైంది, పారిస్ ఒలింపిక్స్ బెర్త్ కూడా ఖాయమైంది.

24 గంటల్లో రెండు మెడల్స్

ఇక హాంగ్‌జౌ. అక్టోబర్ 2న స్టీపుల్‌చేజ్‌లో బహ్రెయిన్ వరల్డ్ ఛాంపియన్ విన్‌ఫ్రెడ్ యావి వెనక పారుల్ సిల్వర్ గెలిచింది. బ్రాంజ్ కూడా మనమ్మాయి ప్రీతి లాంబాదే. బారియర్లు దూకిన కాళ్లకి ఒక్క రాత్రే రెస్ట్. మర్నాడే 5000 మీటర్లు, ఆ గోల్డ్!

మన తెలుగువాళ్లకీ ఆ ఏషియాడ్ గుర్తుండే ఉంటుంది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో సిల్వర్, తెలంగాణ అమ్మాయి అగసర నందిని హెప్టాథ్లాన్‌లో బ్రాంజ్ తెచ్చింది అక్కడి నుంచే.

2024 జనవరిలో పారుల్‌కి అర్జున అవార్డు దక్కింది. అదే నెలలో యూపీ సర్కార్ డీఎస్పీ అపాయింట్‌మెంట్ లెటర్ కూడా చేతికిచ్చింది. చివరి 50 మీటర్లలో అనుకున్నది నిజమైపోయింది.

పారిస్ చెప్పిన నిజం

అయితే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం నిరాశే. 5000 మీటర్ల హీట్స్‌లో 15 నిమిషాల 10.68 సెకన్లు పరిగెత్తింది. తన నేషనల్ రికార్డుకి జస్ట్ 0.33 సెకన్ల దూరం. అంటే ఆమె సరిగ్గా పరిగెత్తలేదని కాదు. దాదాపు తన బెస్ట్ ఇచ్చినా హీట్‌లో వచ్చిన ప్లేస్ 14. స్టీపుల్‌చేజ్‌లోనూ 9 నిమిషాల 23.39 సెకన్లతో హీట్‌లో ఎనిమిదో స్థానం, ఫైనల్ మిస్. ఆసియాలో గోల్డ్ కొట్టే టైమ్‌కీ ఒలింపిక్ ఫైనల్‌కీ మధ్య ఎంత గ్యాప్ ఉందో అక్కడ తెలిసొచ్చింది.

పారుల్ అక్కడితో ఆగిపోలేదు. 2025 మేలో దోహా డైమండ్ లీగ్‌లో స్టీపుల్‌చేజ్‌ని 9 నిమిషాల 13.39 సెకన్లలో ముగించి తన రికార్డు తనే బద్దలు కొట్టింది. అదే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఏషియన్ ఛాంపియన్‌షిప్స్‌లో 9 నిమిషాల 12.46 సెకన్లతో ఇంకోసారి. మాజీ వరల్డ్ ఛాంపియన్ నోరా జెరుటో వెనక సిల్వర్ గెలిచింది. 5000 మీటర్లలోనూ సిల్వరే. అప్పటికి ఆమె వయసు 30.

బుడాపెస్ట్‌లో యావి గోల్డ్ గెలిచిన టైమ్ 8 నిమిషాల 54.29 సెకన్లు. గుమిలో పారుల్ పరిగెత్తిన టైమ్‌కీ దానికీ తేడా దాదాపు 18 సెకన్లు. లాంగ్ డిస్టెన్స్‌లో అది చిన్న గ్యాప్ కాదు. కానీ 2016లో లలిత పెట్టిన రికార్డు నుంచి చూస్తే ఇండియా ఏడు సెకన్లకు పైగా ముందుకొచ్చింది. ఆ ఏడు సెకన్లూ మీరట్ రైతు బిడ్డ ఒక్కతే సంపాదించినవి.