గుడారపు చట్రం: గాలి గొట్టాలు, కడ్డీలు

శిబిర గుడారాల గుడ్డను నిలబెట్టే చట్రాలు ఇప్పుడు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ లేదా ఉక్కు కడ్డీలతో చేసినది. రెండోది పంపుతో గాలి నింపే గొట్టాలది. ఏది మేలన్న ప్రశ్నకు అమ్మకందార్లు ఎక్కువగా గుడారం వేయడానికి పట్టే నిమిషాలను చూపిస్తారు. గుడారం ఎంత పెద్దది, దాన్ని మోసేది మనిషా వాహనమా అన్నవి అంతకన్నా ముఖ్యం.

గాలి గొట్టంలో సాధారణంగా రెండు పొరలుంటాయి. లోపలిది గాలిని పట్టి ఉంచే పలుచని టీపీయూ ప్లాస్టిక్ ట్యూబు. బయటిది అది అతిగా ఉబ్బకుండా బిగించి ఉంచే పాలియెస్టర్ తొడుగు. సైకిల్ ట్యూబుకూ టైరుకూ ఉన్న సంబంధమే ఇది. కుటుంబ గుడారాల్లో పీడనం చాలావరకు 5–10 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. ఈదురుగాలికి గొట్టం వంగినప్పుడు లోపలి వంపు వైపు గుడ్డ మీద ముడత పడుతుంది. అక్కడి నుంచే అది లొంగడం మొదలవుతుంది. ముడత పడకుండా గొట్టం తట్టుకోగల వంపు బలం పీడనాన్ని బట్టి, వ్యాసార్ధపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పీడనం మారకుండా గొట్టం లావు రెట్టింపైతే బలం ఎనిమిది రెట్లవుతుంది. లావు సగమైతే ఎనిమిదో వంతే మిగులుతుంది.

ఎంపికలో అసలు కీలకం ఈ లెక్కే. ఆరుగురు పడుకునే గుడారంలో లావాటి గొట్టాలకు చోటుంటుంది. ఒకరిద్దరి గుడారంలో గొట్టాన్ని సన్నం చేస్తే బలం పడిపోతుంది, లావుగానే ఉంచితే బరువు తగ్గదు. అక్కడ 9 మిల్లీమీటర్ల అల్యూమినియం కడ్డీ ఆ పనిని తేలిగ్గా చేస్తుంది. ఇద్దరికి సరిపడే మంచి కడ్డీల గుడారం సుమారు 2 కిలోలుంటే, గాలి గొట్టాల కుటుంబ గుడారాలు 20 కిలోలు దాటడం మామూలే. పీడనాన్ని బాగా పెంచడం మరో దారి. అమెరికా సైన్యానికి చెందిన నాటిక్ పరిశోధన కేంద్రం ఆ దారిలోనే, అతుకు లేకుండా అల్లిన గట్టి తొడుగులతో పెద్ద ఆశ్రయాలను రూపొందించింది. అంత పీడనం కాలిపంపుతో అయ్యే పని కాదు.

కడ్డీల చరిత్రకు పర్వతారోహణ రచనల్లో ఆధారాలు ఎక్కువ. ఆల్ప్స్‌లో ఎడ్వర్డ్ వింపర్ 1861–62 ప్రాంతంలో తీర్చిదిద్దిన గుడారానికి సుమారు ఆరున్నర అడుగుల యాష్ కర్రలు నాలుగు ఆధారం. వంగే కడ్డీల గుడారాల్లో బిల్ మాస్ రూపొందించిన పాప్ టెంట్‌ను (1955) తొలి మైలురాళ్లలో ఒకటిగా చెప్పవచ్చు. నార్త్‌ఫేస్ సంస్థ 1975లో తెచ్చిన ఓవల్ ఇంటెన్షన్ గుడారానికి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోపురాలే మూలమని తరచు రాస్తారు. ఫుల్లర్ 1954లో పేటెంటు పొందిన గోపురం తిన్నని దండాల అల్లిక; గుడారంలో కడ్డీలు విల్లులా వంగి, ఆ బిగువుతోనే గుడ్డను లాగి పట్టుకుంటాయి. కాబట్టి దాన్ని ఫుల్లర్ ప్రభావం అనడం సబబు, నమూనా అనడం కాదు.

గాలి గుడారాల వంశవృక్షం ఇంత స్పష్టంగా లేదు. ఫ్రెడరిక్ లాంచెస్టర్ యుద్ధరంగ ఆసుపత్రి కోసం తీసుకున్న బ్రిటిష్ పేటెంటుతో మొదలుపెట్టడం ఆనవాయితీ. దాని తేదీని కొందరు 1917 అనీ, కొందరు 1918 అనీ ఇస్తారు. మొదటిది దరఖాస్తు ఏడాదిగా, రెండోది మంజూరైన ఏడాదిగా తీసుకుంటే తగవు తీరుతుంది. అయితే అందులో గాలి నిండేది గదిలోనే, గొట్టాల్లో కాదు. 1940ల చివర వాల్టర్ బర్డ్ కట్టిన రాడార్ గోపురాలదీ అదే సూత్రం. గొట్టాల గుడారానికి వీటిని దూరపు బంధువులుగా చూడటమే మంచిది. జర్మనీలోని హైమ్‌ప్లానెట్, స్కాట్లండ్‌లోని వాంగో సంస్థలు 2010 తర్వాత గొట్టాల గుడారాలకు ప్రాచుర్యం తెచ్చాయి. ఐరోపాలో అంతకు అర్ధశతాబ్దం ముందే గాలి నింపే ఇగ్లూ గుడారాలు అమ్ముడయ్యాయి గనుక ‘మొట్టమొదటి’ అన్న ప్రచారాన్ని అంగీకరించలేం.

ఉష్ణోగ్రత ప్రభావాన్ని కొనుగోలుదారులు చాలామంది పట్టించుకోరు. సముద్రతీరంలో తెల్లవారుజామున 20 డిగ్రీల వద్ద 7 పీఎస్‌ఐ నింపితే, ఎండకు గొట్టంలో గాలి 50 డిగ్రీలకు వేడెక్కేసరికి పీడనం 9 దాటుతుంది. అదనపు గాలిని వదిలే వాల్వు లేకపోతే మధ్యాహ్నం కొంత గాలి తీయక తప్పదు. లేహ్ వంటి 3,500 మీటర్ల ఎత్తులో లెక్క తిరగబడుతుంది: సాయంత్రం 20 డిగ్రీల వద్ద 7 ఉన్నది, రాత్రి మైనస్ 10కి పడిపోతే సుమారు 5.3 అవుతుంది. చట్రం బలంలో పావు వంతు పోయినట్టే, అదీ చలిలో ఆశ్రయం అత్యవసరమైన వేళ. పడుకునే ముందు మరోసారి పంపు కొట్టడం అక్కడ తప్పనిసరి.

తుఫాను గాలికి గొట్టం మడతపడినా చాలాసార్లు తిరిగి లేస్తుంది; కడ్డీ మాత్రం వంగి ఉండిపోతుంది లేదా విరుగుతుంది. ఈ ఒక్క విషయంలో గాలిదే పైచేయి. మరమ్మతులో పరిస్థితి వేరు. విరిగిన అల్యూమినియం కడ్డీ మీదికి చిన్న గొట్టపు ముక్క తొడిగి, టేపు చుట్టి రాత్రి గడపవచ్చు. పంచరైన ట్యూబుకు ముందు చిల్లు దొరకాలి, తర్వాత అది ఆరాలి; వానలో ఈ రెండూ కష్టమే. హైమ్‌ప్లానెట్ ‘కేవ్’లో చట్రాన్ని విడివిడి గదులుగా మూసే ఏర్పాటుంది, ఒకటి పోయినా మిగతావి నిలుస్తాయి. కుటుంబ గుడారం కొనేవారు ఈ ఏర్పాటు గురించి, విడి ట్యూబులు దొరుకుతాయా అన్నదాని గురించి తప్పక అడగాలి. రోడ్డుకు రెండు రోజుల దూరం నడిచి వెళ్లేవారికి అల్యూమినియం కడ్డీలే సరి.

గండికోట, లంబసింగి వంటి చోట్ల అద్దెకిచ్చేవి ఎక్కువగా ఫైబర్‌గ్లాస్ కడ్డీల చిన్న గోపుర గుడారాలు. ఇవి చవక, కానీ పాతబడితే కడ్డీ నిలువునా చీలి సన్నని పేళ్లు చేతిలో గుచ్చుకుంటాయి; పట్టుకునే ముందు చూసుకోవాలి. గాలి గొట్టాల కుటుంబ గుడారాలు చాలావరకు సొరంగం ఆకారంవి, నేలలో మేకులు దిగితేనే నిలుస్తాయి. గండికోట బండనేల మీద గోపుర గుడారమే సులువు, దాని తాళ్లనైనా బరువైన రాళ్లకు బిగించి కట్టాలి.