గరికయు సీమపచ్చికయు



కణేకల్ ప్రాంతపు పెద్దలకు గడ్డినిగూర్చి చెప్పబూనుట చేపపిల్లకు ఈత నేర్పబూనుట వంటిది. అయినను రాజ్యములకువలెనే గడ్డికిని ఒక చరిత్ర కలదు. ఇప్పుడు బడులముందును, కచేరీలముందును, క్రొత్త యిండ్లముందును పచ్చిక పెంచవలెనను కోరిక హెచ్చుచున్నది. ఆ కోరిక ఎచట పుట్టినదో, మన నేలకు ఏ గడ్డి తగునో తెలిసికొనుట మంచిది.

పశువులు మేయుటకు గాక, కన్నులకు ఇంపుగా నుండుటకే యింటిముందు పచ్చికను తివాచివలె పెంచు ఆచారము ఇంగ్లండున 17, 18 శతాబ్దములలో ప్రబలెను. అచట సన్నజల్లులు ఏడాది పొడవున కురియును, వేసవియు మెత్తనిది. కనుక నీరు పెట్టకయే గడ్డి పెరిగెడిది. కాని దానిని కోయుటకు పెక్కుమంది పనివాండ్రు కావలెను గనుక, అది గొప్ప భూస్వాముల వేడుకగానే యుండెను. 1830లో స్ట్రౌడ్ పట్టణ ప్రాంతమున ఎడ్విన్ బడ్డింగ్ అనునతడు, ఉన్నిబట్టలపై నూగును కత్తిరించు మరను చూచి, గడ్డికోత మరను కల్పించెను. అటుపిమ్మట పచ్చిక సామాన్యుల వాకిండ్లకును వచ్చెను.

ఆ సీమపచ్చికలో రై గడ్డి, ఫెస్క్యూ, బ్లూగ్రాస్ అనునవి ముఖ్యమైనవి. ఇవి చలువను కోరు జాతులు. 15 మొదలు 24 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు గల వాతావరణమున చక్కగా పెరుగును. అమెరికాలో న్యూజెర్సీ, మిషిగన్ రాష్ట్రములందు కాపురమున్న మన తెలుగువారి యిండ్లముందు సాధారణముగా నుండునవి ఈ గడ్డులే. మీ మనుమలెవరైన అచట నున్నచో అడిగి చూడుడు. వసంతమున వారమున కొకమాఱు కోయక తప్పదు. నడివేసవిలో నీరు లేనిచో అది వన్నె తప్పి నిద్రించును. ఆగస్టు చివరను, సెప్టెంబరునను పలుచబడినచోట విత్తనము చల్లి, ఎరువు వేయుదురు. పిదప అది మంచుక్రింద పండుకొనును. ఇదియే దాని సంవత్సరము.

ఆంగ్లేయులు ఈ దేశమునకు వచ్చుచు పచ్చికపై మమకారమునుగూడ వెంట తెచ్చుకొనిరి. 1848లో ఉదకమండలమున ప్రభుత్వోద్యానము నెలకొల్పబడెను. సుమారు 2,200 మీటర్ల యెత్తున నున్న ఆ చల్లని కొండపై సీమమొక్కలు పెక్కు నిలిచెను. మైదానమున మాత్రము వారికి గరికయే శరణ్యమయ్యెను.

1800లో నిజాము దత్తమండలములను కుంపిణీవారికి ఇచ్చిన పిదప బళ్ళారి పెద్ద దండుస్థలమయ్యెను. రాయదుర్గము తాలూకాతోపాటు కణేకల్ 1953 దాక ఆ బళ్ళారి జిల్లాలోనిదే. చెన్నరాజధాని సైన్యమున గుఱ్ఱములకు మేత తెచ్చుటకు గడ్డివాండ్రుండెడివారు. వారు చిన్న పారతో గరికను వేళ్లతోగూడ చెక్కి, మన్ను పోవునట్లు కడిగి వేసెడివారు. ఆ గరికనే దొరలు హరియాలీ యని పిలిచి తోటలలో నాటించిరి. గరికకాడలను ముక్కలుగా నఱికి, మన్నును పేడయు కలిపిన అడుసులో వేసి, చదునుచేసిన నేలపై అలికినట్లు పూయు పద్ధతి తోటమాలుల కెల్ల తెలిసినదే.

సీమగడ్డి ఓడినచోట గరిక యేల గెలిచెను? దీనికి సమాధానము చెఱకు తోటనుండి వచ్చెను. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అను శాస్త్రజ్ఞులు, చెఱకు ఎండను ఆహారముగా మార్చుకొను మార్గము పెక్కు మొక్కల మార్గముకంటె వేఱని విశదీకరించిరి. గరిక, జొన్న, కొఱ్ఱ, చెఱకు ఆ తెగలోనివి. ఇవి వేడిలో మఱింత చుఱుకుగా పెరుగుచు, తక్కువ నీటితో ఎక్కువ పని జరుపుకొనును. వరి, గోధుమ, సీమపచ్చిక రెండవ తెగవి. మన పూర్వులు మెట్టచేలకు జొన్నకొఱ్ఱలను ఏరుకొనుటలోని వివేకమే పచ్చికకును వర్తించును.

గరిక సంవత్సరము మన పంచాంగమునకు సరిపోవును. ఆషాఢమున తొలకరి పదునులో నాటవలెను. శ్రావణమున తుంగను గడ్డలతో పెఱికివేయవలెను. భాద్రపదమున, వినాయకునకు గరిక నర్పించు వేళకు, అది దట్టమగును. పుష్యమాసపు చలికి మందగించును. అప్పుడు పొట్టిగా కోయరాదు. వైశాఖమున ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు పై ఆకు మాడినను వేరు చావదు. తొలివానకు మరల చిగుర్చును. సీమగడ్డిని కార్తికమున విత్తి ఎడతెగక నీరు పెట్టినచో కొన్ని నెలలు కనుపండువు చేయును, వేసవికి నశించును. రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కావలెనన్నను, ఒక్క సెంటు పచ్చికకు 200 లీటర్లగును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వానగల జిల్లాలో ఆ నీటిని ఎవరి బిందెలనుండి తెత్తుము?

తుంగభద్ర ఎగువకాలువ నీరు కణేకల్ చెఱువునకు చేరుటవలన ఆయకట్టున వరి పండుచున్నది. కాని కొలదిదూరమున హగరి యనబడు వేదవతి యొడ్డున వేఱొక దృశ్యము. వానకారు పడమటిగాలి ఏటియిసుకను ఎత్తి పొలములపై పోయును. కణేకల్, బొమ్మనహాళ్ మండలములలో, ముఖ్యముగా దర్గాహొన్నూరు ప్రాంతమున, ఇసుకమేటలు సాగుభూమిని కబళించుట మీరెఱుగనిది కాదు. గాలిని ఆపుట మనవశము కాదు. నేలకు కప్పు నిచ్చుట మనవశము. గరిక కణుపుకణుపున వేరూని మన్నును పట్టుకొనును. వదులు ఇసుకలో రెల్లును, ఈతయు ఆ పని చేయగలవు. రేగడిచేనిలో గరిక రైతునకు పగవాడే. గట్టుమీద మాత్రము కాపరి.

కావున పెద్దలారా, పచ్చిక కావలెనన్నచో గరికను, వాడిన నీరు ఎంత మిగులునో అంతమేరకే పెంపించుడు. అంతకంటె ముఖ్యము, ఏటిగట్టునను, చెఱువుకట్టనను, ఊరి బీడునను కొంత భాగమును వానకాలమంతయు మేపక, చెక్కక విడిచిపెట్టునట్లు ఊరివారిని ఒప్పింపుడు. గొఱ్ఱెలకాపరి నష్టపోకుండ ఏటేట చోటు మార్చుడు. వాకిట పచ్చిక వాడిన వేడుక మాత్రమే పోవును. ఏటిగట్టున గడ్డి పోయినచో పొలమే పోవును.