చేతిపంపా, విద్యుత్ పంపా? గ్రామీణ తాగునీటి చరిత్రలో ఒక ఎంపిక

చేతిపంపు పాతకాలపు సాధనమనీ, విద్యుత్ మోటారు దాని తర్వాత వచ్చిన ఆధునిక సాధనమనీ చాలామంది భావిస్తారు. కాలక్రమాన్ని పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి రావడంతో 1930వ దశకంలోనే కోయంబత్తూరు ప్రాంత రైతులు బావులకు విద్యుత్ పంపులు బిగించుకోసాగారు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన తర్వాత ఈ పంపులు ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాల్లో వేగంగా పెరిగాయి. లోతైన బోరు నుంచి నీరు తోడే ఇండియా మార్క్-2 చేతిపంపు తయారీ మాత్రం 1977 ప్రాంతంలో గాని మొదలుకాలేదు. అంటే ఎన్నో గ్రామాల్లో పొలంలో మోటారు తిరగడం మొదలైన తర్వాతనే వీధిలో చేతిపంపు వెలిసింది. జనం దాన్ని ‘బోరింగు’ అన్నారు. నేలను తొలిచే పని పేరు పంపుకు అంటుకుంది. విద్యుత్తు గ్రామాలకు చేరుతున్న కాలంలోనే తాగునీటికి చేతిపంపును ఎందుకు ఎంచుకున్నారు? ఆ ఎంపిక భారం ఎవరిపై పడింది? ఈ భాగంలో ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

ముందుగా లోతు సమస్యను అర్థం చేసుకోవాలి. వాతావరణ పీడనంపై ఆధారపడి నీటిని పైకి లాగే పంపు సిద్ధాంతరీత్యా సుమారు 10 మీటర్ల లోతు వరకే పనిచేస్తుంది. ఆచరణలో ఆ పరిమితి ఏడు మీటర్లకు మించదు. నీరు పైనే ఉండే డెల్టా భూముల్లో ఇది చాలవచ్చు. తెలంగాణ, రాయలసీమల రాతినేలల్లో వేసవినాటికి నీరు అంతకంటె చాలా లోతుకు దిగిపోతుంది. అక్కడ సిలిండరును, పిస్టనును బోరులో నీటి మట్టానికి దిగువన ఉంచి, పొడవాటి రాడ్లతో పైనుంచి ఆడించాలి. రాడ్ల బరువు, నీటి బరువు రెండూ పంపు చేతిమీదే పడతాయి.

1966-67 బీహారు కరువు ఈ చరిత్రలో మలుపు. గాలి ఒత్తిడితో రాతిని తొలిచే రిగ్గులు యునిసెఫ్ సహాయంతో దేశానికి వచ్చాయి. బోర్లు పడ్డాయి గాని, వాటికి తగిన పంపు లేదు. అమెరికా, ఐరోపాల్లో ఒక కుటుంబం అవసరానికి రూపొందిన పోత ఇనుప పంపుల నమూనాలనే ఇక్కడ తయారుచేసేవారు. ఊరంతా రోజంతా కొడితే అవి తట్టుకోలేకపోయాయి. 1970వ దశకం మధ్యనాటికి బిగించిన పంపుల్లో పెద్ద భాగం పనిచేయడం లేదని యునిసెఫ్ గుర్తించింది.

పరిష్కారం మహారాష్ట్ర మెట్టప్రాంతపు చిన్న వర్క్‌షాపుల్లో దొరికింది. జాల్నాలోని మిషన్ కార్యకర్తలు, తర్వాత షోలాపూర్‌లోని మెకానిక్కులు పోత ఇనుముకు బదులు ఉక్కు వాడారు. రాడ్డు అటూ ఇటూ ఒరుసుకోకుండా నిటారుగా కదలడానికి పంపు చేతికి గొలుసు తగిలించారు. షోలాపూర్ నమూనా ఆధారంగా మద్రాసులోని ప్రభుత్వ రంగ సంస్థ రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కొత్త పంపులు తయారుచేయగా, కోయంబత్తూరు సమీప గ్రామాల్లో వాటిని పరీక్షించారు. ఇండియా మార్క్-2 అలా పుట్టింది. 1979లో దీనికి భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. ఎవరు తయారుచేసినా విడిభాగాలు ఒకే కొలతలో ఉండాలన్న ఈ నియమమే పంపు విజయానికి ప్రధాన కారణం అనడం సమంజసం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేసి చూడండి. అప్పటి ప్రభుత్వ ప్రమాణం ప్రకారం 250 మందికి ఒక చేతిపంపు, మనిషికి రోజుకు 40 లీటర్లు. అంటే రోజుకు 10,000 లీటర్లు. నిమిషానికి 12 లీటర్ల చొప్పున కొడితే దాదాపు 14 గంటలు పడుతుంది. ఇదే నీటిని 30 మీటర్ల లోతు నుంచి విద్యుత్ పంపుతో తోడితే, నష్టాలన్నీ కలుపుకొన్నా రెండు మూడు యూనిట్ల కరెంటు సరిపోతుంది. ఈ రెంటి మధ్య తేడాను భర్తీ చేసింది స్త్రీల, బాలికల శ్రమ. బిందె నిండేదాకా కొట్టడం, వంతు కోసం నిలబడడం, ఇంటికి మోయడం వారి పనే అయింది. చేతిపంపు చౌక అని తేల్చిన లెక్కల్లో ఈ గంటలకు వెల కట్టడం అరుదు.

అయినా ఆ ఎంపికకు కారణాలు లేకపోలేదు. విద్యుత్ పంపు ఒక్కటే సరిపోదు. ట్యాంకు, పైపులు, మోటారు వేసే మనిషి, నెలనెలా బిల్లు కట్టే పంచాయతీ కావాలి. వోల్టేజి పడిపోయి మోటారు కాలిపోతే వైండింగ్‌కు పట్నం తీసుకెళ్లాలి. పైగా రాతినేలల్లో అనేక బోర్లు గంటకు వెయ్యి లీటర్ల లోపే ఇస్తాయి. అలాంటి బోరు చేతిపంపుకు చాలుతుంది గాని పెద్ద మోటారుకు చాలదు. మరో సంగతి విస్మరించరాదు. ఊరి బావి దగ్గరికి రానివ్వని దళితులకు తమ వాడలోనే వేసిన బోరింగు మరొకరి అనుమతి అక్కర్లేని నీరు. ట్యాంకు నుంచి వచ్చే పైపు ముందు ఊరి నడివీధిని తడిపి, తర్వాతే వాడకు చేరేది.

చేతిపంపుకూ మరమ్మతు తప్పదు. మార్క్-2లో తోలు వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి. అందుకు ప్రత్యేక పనిముట్లతో సిబ్బంది వాహనం రావాలి. అది వచ్చేదాకా ఊరు ఆగాలి. ఈ ఇబ్బందిని తగ్గించడానికి 1980వ దశకంలో మార్క్-3 రూపొందింది. ఇందులో పైపులు కదిలించకుండానే పిస్టనును పైకి తీయవచ్చు. 1990వ దశకంలో ఉత్తరప్రదేశ్‌లోని బాందాలో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద గ్రామీణ స్త్రీలు చేతిపంపుల మెకానిక్కులుగా శిక్షణ పొందారు. నీరు మోసేవారికే రెంచీ అందడం ఈ చరిత్రలో ఆలస్యంగా జరిగింది.

చివరికి బోరింగును ఎండగట్టింది వీధిలోకి వచ్చిన మోటారు కాదు, పొలంలోని మోటారు. ఆంధ్రప్రదేశ్‌లో 1980వ దశకం ఆరంభం నుంచి వ్యవసాయ విద్యుత్తుకు మీటరు లెక్క పోయి, హార్స్‌పవర్‌ను బట్టి ఛార్జీ వచ్చింది. 2004లో ఉచిత విద్యుత్తు అమలైంది. అదనంగా తోడిన నీటికి అదనపు ఖర్చు లేదు. రైతులు బోర్లను లోతు చేసి సబ్‌మెర్సిబుల్ మోటార్లు దించారు. ఒకే భూగర్భజలం కోసం పోటీ పడినప్పుడు 45 మీటర్ల పరిధి గల చేతిపంపు ఓడిపోక తప్పలేదు. 2002 నాటి వాల్టా చట్టం తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వరాదని నిషేధించింది. ఇటువంటి రక్షణ కోసం 1996లోనే ఒక చట్టం చేశారు. ఆరేళ్లకే రెండో చట్టం అవసరం కావడం మొదటిదాని అమలు గురించి కొంత చెబుతుంది.

లోతుకు పోయినకొద్దీ మరో సమస్య ఎదురైంది. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే నమోదు చేశారు. తర్వాత నల్లగొండ ఆ వ్యాధికి పర్యాయపదమైంది. ఫ్లోరైడ్ ఉన్న బోరు నుంచి చేత్తో తోడినా, మోటారుతో తోడినా వచ్చేది అదే నీరు. పంపు ఎంపిక ఇక్కడ పనికిరాదు, వనరునే మార్చాలి. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి జలాలను శుద్ధిచేసి పైపుల ద్వారా ఇళ్లకు చేర్చే పథకం. ఇందులో గ్రామానికి వేరుగా పంపు ఎంచుకునే అవకాశం దాదాపు లేదు. నది దగ్గర నీటిని ఎత్తిపోసే మోటార్లు ఆగితే వందల గ్రామాల నల్లాలు ఒకేసారి ఆగుతాయి.