చీలమండ రక్తపోటు తేడాలు: కృష్ణా డెల్టాకు వర్తించే ఆధారాలు

చీలమండ దగ్గరి రక్తపోటు చేతి రక్తపోటు కంటే బాగా తక్కువగా ఉంటే కాలి ధమనులు పూడుకుపోతున్నాయని వైద్యులు అనుమానిస్తారు. వయసు, షుగరు, పొగాకు, బీపీ, రక్తంలో కొవ్వు ఇందుకు ప్రధాన కారణాలని సాధారణంగా చెబుతారు. ఈ జాబితాను విజయవాడకో, దివిసీమ పల్లెలకో అన్వయించే ముందు, అది ఏ కొలత మీద ఆధారపడిందో చూడటం అవసరం.

1. ఈ కొలతను 1950లో అమెరికా వైద్యుడు ట్రావిస్ విన్సర్ వివరించారు. ధమనుల ఎక్స్‌రే చిత్రాలతో పోల్చి దీనికి స్థిరమైన స్థానం కల్పించింది మాత్రం 1969లో యావో బృందమనే చెప్పాలి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి 5 నుంచి 10 నిమిషాలు విశ్రాంతి ఇస్తారు. చీలమండకు కాస్త పైన పట్టీ బిగించి, డాప్లర్ పరికరంతో నాడి చప్పుడు వింటారు. అక్కడ దొరికిన పై అంకెను చేతి పై అంకెతో భాగిస్తారు. ఆ నిష్పత్తి 0.90 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే అసాధారణం. పై హద్దు విషయంలో ప్రమాణమే మారింది: 2005 నాటి అమెరికా మార్గదర్శకాల్లో 1.30గా ఉన్నది 2011 సవరణలో 1.40 అయింది.

చీలమండ దగ్గర రెండు ధమనులున్నాయి. ఒకరి చేతి అంకె 150, ఒక ధమనిలో 140, మరోదానిలో 120 ఉన్నాయనుకుందాం. పెద్ద అంకెను తీసుకుంటే నిష్పత్తి 0.93, చిన్నదాన్ని తీసుకుంటే 0.80. మనిషి ఒకడే, కాలు ఒకటే. ఒక లెక్కలో జబ్బు లేదు, మరో లెక్కలో ఉంది. కాబట్టి రెండు సర్వేల శాతాలను పక్కపక్కన పెట్టేముందు ఏ అంకెను వాడారో చూడకపోతే పోలికకు విలువ ఉండదు.

2. మనకు దగ్గరి ఆధారాల్లో ముఖ్యమైనది చెన్నై నగర జనాభా అధ్యయనం. 2000లో ప్రచురితమైన దాని ఫలితాల ప్రకారం కాలి ధమనుల జబ్బు మొత్తం మీద 3.2 శాతం మందిలో, షుగరు ఉన్నవారిలో 6.3 శాతం మందిలో కనిపించింది. షుగరు ఉన్నట్టు ముందే తెలిసినవారిలో అది 7.8 శాతం. షుగరుతో గడిపిన కాలం కూడా లెక్కలోకి వస్తుందనడానికి ఇది సూచన కావచ్చు. అయితే వారి వయసు కూడా ఎక్కువై ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం.

డెల్టా పల్లెల పరిస్థితికి మరింత దగ్గరి సాక్ష్యం ఉభయ గోదావరి జిల్లాలది. అక్కడి 45 గ్రామాల్లో మరణ కారణాలను పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవల్లనే అని తేలింది. అది చీలమండ కొలత కాదు. అయినా వరి పండించే కాలువల కింది పల్లెల్లో ధమనుల జబ్బు అరుదన్న భావన నిలవదని చెప్పడానికి చాలు.

3. పొగాకు విషయంలో అంకెలు తొందరపాటును అనుమతించవు. 2013లో ఫౌక్స్ బృందం ప్రపంచ అధ్యయనాలను క్రోడీకరించి, పొగ తాగేవారిలో ఈ జబ్బు అవకాశం సంపన్న దేశాల్లో 2.72 రెట్లు, తక్కిన దేశాల్లో 1.42 రెట్లు ఉన్నట్టు చూపింది. చుట్టా బీడీలు తక్కువ హానికరమని దీని అర్థం కాదు. రోజుకు ఎన్ని కాలుస్తారు, ఎంతమంది నిజం చెబుతారు అన్నవి ఈ తేడాకు కొంత కారణమై ఉండవచ్చు. చిన్న వయసులోనే కాలివేళ్లు నల్లబడే బర్జర్ జబ్బుకు పొగాకుతో ఉన్న సంబంధం మాత్రం బలమైనది.

4. అన్నింటికంటే శ్రద్ధ పెట్టవలసింది షుగరు మీద. దీర్ఘకాల షుగరులో ధమని గోడల్లో కాల్షియం చేరి గట్టిపడుతుంది. పట్టీ ఎంత బిగించినా ధమని నొక్కుకుపోదు. అప్పుడు చీలమండ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా నమోదవుతుంది. లోపల పూడిక ఉన్నా నిష్పత్తి 1.10 రావచ్చు, 1.40 దాటనూ వచ్చు. అంటే ముప్పు పెంచే కారణమే ఆ ముప్పును కొలత నుంచి దాచేస్తోంది. కాబట్టి చెన్నై 6.3 శాతం అసలు కంటే తక్కువ అంచనా అయి ఉండటానికి అవకాశముంది. మూత్రపిండాల జబ్బులోనూ ఇదే చిక్కు. కోస్తాలో పాత సమస్యయిన బోదకాలు మరో అడ్డంకి: వాపు మీద నాడి చప్పుడు దొరకడం కష్టం.

బొటనవేలి ధమనులు ఇంతగా గట్టిపడవు. అందుకే అక్కడి రక్తపోటు, చేతి రక్తపోటుల నిష్పత్తి 0.70 కంటే తక్కువైతే అనుమానించాలన్న పద్ధతి వచ్చింది. పదేళ్లుగా షుగరు మాత్రలు వాడుతూ, నాలుగడుగులు వేసేసరికి పిక్క పట్టేసి, నిలబడితే సర్దుకునే వ్యక్తికి చీలమండ నిష్పత్తి 1.05 వచ్చిందని కాళ్లు బాగున్నాయని చెప్పి పంపడానికి పై ఆధారాలు ఒప్పుకోవు. ఆయనకు బొటనవేలి కొలత కూడా తీయించాలి.